ఒక్క మాటతో ఖాళీ అయిన సభ

ఒక ఊరి ప్రజాస్వామ్యాన్ని నేను ఒకే ఒక్క మాటతో ఊడ్చిపారేశాను. ఊడ్చగా మిగిలింది చెప్పుల కుప్ప. నమ్మరా? వినండి. నవ్వొస్తే నవ్వుకోండి కూడా, మా ఊరు ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మలయా దేశంలో, ఇపో నగరానికి దిగువన ఒక చిన్న పట్టణం మాది. తెల్లవాళ్ళ సర్కారు కమ్యూనిస్టులను వేటాడుతున్న ఎమర్జెన్సీ రోజులు, మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, ఇదిగో అదిగో అంటున్న కాలం. టౌన్ కౌన్సిల్ మా వీధికి కుళాయి వేసింది. కుళాయి ఉంది, నీళ్ళు లేవు. కౌన్సిల్ సెక్రటరీగా ఉన్న తెల్లదొర స్వయంగా వచ్చి "వచ్చే నెలలో నీళ్ళు" అని మాట ఇచ్చి వెళ్ళాడు. వచ్చే నెల వచ్చింది. నీళ్ళు రాలేదు సరికదా, దొరే లేకుండా పోయాడు. కౌన్సిలర్లు తలుపులు మూసుకుని ఆయన్ను తీసేశారట, ఇంకొకాయన్ను తెచ్చారట. ఎందుకో ఎవరూ చెప్పరు. మా ఆడవాళ్ళేమో తగరపు డబ్బాలు పట్టుకుని అవతలి వీధికి పోయి, అక్కడివాళ్ళ చేత తిట్లు తిని మరీ నీళ్ళు మోసుకొస్తున్నారు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

కొత్త సెక్రటరీని పరిచయం చేయడానికి టౌన్ హాల్లో సభ పెట్టారు. ప్రజలు ప్రశ్నలు అడగవచ్చన్నారు. మా అప్పల్నాయుడు పెదనాన్న నా వంక చూశాడు.

"నువ్వే అడగాలమ్మా. కాన్వెంటులో సదివినావు కదేటి."

"నాకు భయం, పెరియప్పా!" అన్నాను తమిళంలో.

"పెరియప్పా యేటే? పెదనానా అని పిలవలేవా? ఇంటి నిండా తెలుగోళ్ళమే, నీ నోట ఒక్క తెలుగు ముక్క రాదు గదా!"

అదీ నిజమే. పక్కింటివాళ్ళతో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, బజార్లో మలాయ్, పెదనాన్నతో మూడూ కలిపి. ఇదీ నా వరస. వారమంతా అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో సాధన చేశాను: "చైర్మన్ గారూ, పాత సెక్రటరీని ఎందుకు తీసేశారు? ఆయన ఇచ్చిన మాట ఇక ఎవరు నిలబెడతారు?" అద్దం ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. నాకు ధైర్యం వచ్చేసింది.

హాలు కిటకిటలాడింది. మనవాళ్ళకు పెద్ద భవనం కనిపిస్తే చాలు, గుడే! చెప్పులన్నీ ముందు మెట్ల దగ్గర విడిచి లోపలికి వచ్చారు. వాళ్ళను చూసి చీనావాళ్ళూ మలాయ్‌వాళ్ళూ విడిచారు. ఉపన్యాసాలయ్యాయి. చైర్మన్ "ప్రశ్నలేమీ లేవనుకుంటాను" అని ఒకే ఊపిరిలో అనేసి, సభ ముగించడానికి సుత్తి ఎత్తాడు.

"అడుగే! అడుగు!" పెదనాన్న మోచేత్తో పొడిచాడు.

లేచాను. ఇంగ్లీషు పోయింది. తమిళం పోయింది. మలాయ్ పోయింది. ఎన్నడూ సరిగ్గా వాడని తెలుగు, లోపల ఎక్కడ దాక్కుందో గానీ, గొంతు చించుకుని బయటికొచ్చింది.

"మాట! మాట! ఒక్క మాట!"

అయ్యా, అమ్మా, బజారు మలాయ్‌లో 'మాతా మాతా' అంటే పోలీసులు! 'ట'కీ 'త'కీ తేడా చూసుకునే తీరిక ఆ రోజుల్లో ఎవరికుంది? ఐడెంటిటీ కార్డు లేకుండా దొరికితే లారీ ఎక్కించే కాలం. సభలో సగం మంది కార్డులు ఇళ్ళలోనే ఉన్నాయి.

"మాతా మాతా!" అని వెనకెవరో అందుకున్నారు. అంతే! వెనక తలుపులోంచి కొందరు, కిటికీల్లోంచి కొందరు. అందరికంటే ముందు దూకింది మా పెదనాన్న. తువ్వాలు కిటికీ గొళ్ళేనికి వేలాడుతూ ఉండిపోయింది.

హాల్లో నేనొక్కదాన్నే మిగిలాను. వేదిక మీద కొత్త సెక్రటరీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. చైర్మన్ కార్డు కూడా ఇంట్లోనే ఉందేమో, బల్ల కిందనుంచి లేచాడు. అప్పుడు తిరిగొచ్చింది నా ఇంగ్లీషు.

"పాత సెక్రటరీని ఎందుకు తీసేశారు?"

"ఆ సంగతి ప్రజలకు చెప్తాం," అన్నాడాయన కోటు దులుపుకుంటూ. "ప్రజలేరీ?"

సుత్తి పడింది. చెప్పించడానికి వెళ్ళినవాళ్ళం చెప్పులు వదిలి వచ్చాం. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"పోలీసులని ఎందుకరిసినావే?" ఇంటికెళ్ళగానే పెదనాన్న విరుచుకుపడ్డాడు.

"పోలీసులు కాదు! మాట అన్నాను, తెలుగులో!"

"నువ్వు తెలుగు మాటాడతావని నాకేటి కలొచ్చినాదా?"

మర్నాడు పొద్దున్నే వీధిలోకి లారీ వచ్చింది. ఈసారి నిజంగా పోలీసులేనని అందరూ మంచాల కింద దూరారు. దిగింది కొత్త సెక్రటరీ! లారీ నిండా చెప్పులు. ఏ చెప్పు ఎవరిదో తేలేసరికి ఎండెక్కింది, కొట్లాటలూ అయ్యాయి. ఆయనకు దాహం వేసింది.

"కొంచెం నీళ్ళిస్తారా?"

మా ఆడవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. అందరూ కుళాయి వైపు చూపించారు. పాపం, వెళ్ళి తిప్పాడు. కుళాయి దగ్గింది. ఒక బొద్దింక బయటికొచ్చింది. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

ఆ వారంలోనే నీళ్ళొచ్చాయి. కానీ ఆ చెప్పుల రోజున ఆయన తిరిగి లారీ ఎక్కబోతుంటే మాత్రం నేను వదల్లేదు. "ఇప్పుడైనా చెప్పండి, పాతాయన్ను ఎందుకు తీసేశారు?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేనూ అడిగాను. 'ముందు ప్రజలకు చెప్పాలి, తర్వాతే నీకు' అన్నారు."

అందుకే నీళ్ళొచ్చిన రోజున ఆ కుళాయి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: నలుగురు కూర్చున్న చోట 'ఒక్క మాట' అంటూ ఇక ఈ జన్మలో లేవను. ముందు తలుపులకూ కిటికీలకూ గడియలు పెట్టి, పెదనాన్నను కుర్చీకి కట్టేసి, ఆ తర్వాతే అడుగుతాను.