పైకి లేచే వేలు

పుంగనూరులో నెట్ సెంటర్ నడిపిన ఆ పెద్దమనిషి పేరు చెప్పను, ఆయన వేలు గురించి చెబుతాను. కంప్యూటర్ ఆగిపోయినప్పుడల్లా ఆ వేలు పైకప్పు వైపు లేచేది. "పైన సర్వర్ డౌనమ్మా" అనేవాడు. సోమల నుంచి వచ్చిన రైతులు పాపం, తలలెత్తి ఆ పైకప్పునే చూసేవాళ్లు.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి అదే చివరి రోజు. ఆయన నా పేరు కొడుతుండగానే కంప్యూటర్ ఆరిపోయింది. ఆయుధపూజకు కప్పిన వెల్వెట్ గుడ్డ ఇంకా సీపీయూ మీదే ఉంది. పక్కన చేయి పెడితే పెనంలా కాలింది.

"అప్పా, ఇది కాల్తాండాది. ఆ గుడ్డన్నా తీయప్పా."

"ముందు పదో తరగతి పాసుగామ్మా, ఆనక నాకు సెప్దువు. సర్వర్ డౌను."

మళ్లీ ఆన్ చేశాడు. ప్రాసెసర్ వేడెక్కి మళ్లీ ఆరిపోయింది. మదనపల్లె బస్సెక్కి అక్కడ పెట్టుకుంటానంటే "ఇంకో ఐదు నిమిషాలుండమ్మా" అని కూర్చోబెట్టాడు. చివరికి గడువు దాటిపోయింది. ఆ ఏడు నేను పరీక్ష రాయలేదు.

తెలియనితనం అనుకుని క్షమించేదాన్నే. కానీ నేను లేవబోతుంటే, ఆయన వెల్వెట్ గుడ్డ ఎత్తి, దాని కింద నుంచి స్టీలు గ్లాసు బయటికి తీశాడు.

"మద్యాన్నం తెచ్చిన టీ అమ్మా. ఈడ పెడితే సల్లారదు" అన్నాడు గర్వంగా.

తర్వాత ఊదుకుంటూ తాగాడు.