నేను చూడని దెబ్బ

పదకొండేళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో చేపముల్లులా గుచ్చుకుని ఉంది. మింగలేను, కక్కలేను. నా పేరు చెప్పను, ఆ ధైర్యం ఇప్పటికీ లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఇదైనా చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నర్సీపట్నంలో ఒక కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి. కాలేజీల ఫుట్‌బాల్ ఫైనల్ రోజున లైన్ రిఫరీ రాలేదని నా చేతికి జెండా ఇచ్చారు. వద్దనొచ్చు కదా? అనలేదు. నలుగురిలో జెండా పట్టుకుని నిలబడటం బాగానే అనిపించింది.

సెకండాఫ్‌లో దాహమేసి సోడా బండివైపు తిరిగాను. అర నిమిషం, అంతే. వెనక పెద్ద కేక. తిరిగేసరికి అవతలి టీము కుర్రాడొకడు నెత్తురు కారుతున్న తల పట్టుకుని నేలమీద పడున్నాడు. పక్కన నా స్టూడెంటు ఏలియా బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. రిఫరీ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. మోచెయ్యి కావాలని విసిరాడా, పొరపాటున తగిలిందా? ఆయనకి అది తేలాలి. చూడలేదంటే పరువు పోతుంది. పొరపాటంటే, సొంత స్టూడెంటుని వెనకేసుకొస్తున్నాడంటారు. తలకే గురిపెట్టి కొట్టాడని చెప్పేశాను. రెడ్ కార్డ్ ఇచ్చారు. యూనివర్సిటీ టీములో ఏలియాకి రావలసిన చోటు పోయింది. నెలరోజులు ఊళ్లో అందరూ రిఫరీనే తిట్టారు. నన్నెవరూ ఏమీ అనలేదు.

అంతటితో అయిపోతే ఎలాగో బతికేసేవాణ్ణి. ఆ సాయంత్రం వాడు ఏడుస్తూ నా దగ్గరికొచ్చాడు. పోట్లాడతాడనుకున్నాను.

“సార్, నాను కావాలనే కొట్టీనానేటండి? బంతికోసమే ఎగిరినాననుకున్నాను. నాకేటీ తెలీట్లేదండి. మీరు సూసేరు కదా, సెప్పండి.”

“చూశాను రా. కావాలనే కొట్టావు.”

తల దించుకుని వెళ్లిపోయాడు. తన ఒంటికంటే నా మాటనే ఎక్కువ నమ్మాడు, పిచ్చి వెధవ.

మళ్లీ బంతి ముట్టలేదు. ఇప్పుడు కొయ్యూరు రూటులో ఆటో తోలుతున్నాడు. మా ఇద్దరిదీ ఒకే చర్చి. పోయిన ఆదివారం, ఒక్కొక్కరే లేచి దేవుడి ముందు తమ సంగతి చెప్పుకునే సాక్ష్యాలప్పుడు, వాడూ లేచాడు. ఆ కుర్రాడి తల ఎక్కడుందో చూసుకుని మరీ కొట్టానని, అప్పటి కోపం ఇంకా గుర్తుందని, దేవుడు తనని క్షమించాలని అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ సాయంత్రం లేని కోపం ఇప్పుడు ఎలా గుర్తొచ్చింది? నేను పెట్టిందే కదా? సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను. ఛీ, నాదీ ఒక నోరేనా! తరవాత నా వంతు వస్తే లేచి, మోకాలి నొప్పి తగ్గినందుకు స్తోత్రం చెప్పి కూర్చున్నాను.

ఇప్పుడు వెళ్లి నిజం చెబితే? “లేదండి సార్, నాకు బాగా గుర్తుందండి” అంటే? అప్పుడు నేనేం చెయ్యను? ఎలా బయటికి లాగను వాణ్ణి? ఏ దారీ తోచడం లేదు బాబూ. క్షమించమని మిమ్మల్ని అడగను.

వాడు కావాలని కొట్టాడో లేదో నాకు తెలియదు. ఏనాడూ తెలియదు. ఈ ఒక్క ముక్క రాశాక నాకు కొంచెం ఊపిరాడుతోంది. వాడికి మాత్రం ఆడటం లేదు.