మద్రాసులో వైఫై, మా ఊళ్ళో ఉపవాసం

మా చర్చి సంఘంలో ఒక సాక్ష్యం చాలాకాలంగా తిరుగుతూ ఉంది. మా బావకు మద్రాసులో గుండెకు స్టెంటు వేసిన రోజు సైతాను నెట్‌వర్కులన్నీ మూసేశాడనీ, అక్కణ్ణించి ఒక్క కబురు కూడా రానివ్వలేదనీ, అయినా దేవుడు బావనూ అక్కనూ కాపాడాడనీ చెబుతారు. మా అక్కే చేతికర్ర పట్టుకుని నిలబడి చెబుతుంది. అందరూ స్తోత్రం అంటారు. నేనూ అంటూ వచ్చాను. కానీ ఆ రోజు మద్రాసులో నెట్‌వర్కులన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి.

మాది ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో ఒక చిన్న ఊరు. నేను రొయ్యల మేత అమ్ముతాను. బావకు రెండు రొయ్యల గుంటలున్నాయి. గుండెలో అడ్డు ఉంది, మద్రాసు తీసుకుపొమ్మని నెల్లూరు డాక్టరు చెబితే బావ వెంట నేను వెళ్ళాను. అక్కకు షుగరు, మోకాళ్ళ నొప్పులు. నువ్వు ఇంటిపట్టునే ఉండమన్నాం.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా ఆపరేషన్ అంటే ఆ పొద్దున్నే కొంతమంది చర్చిలో ఉపవాస ప్రార్థనకు కూర్చుంటారు. పని అయిపోయింది, మనిషి బాగున్నాడు అని ఆసుపత్రి నుంచి కబురు అందాకే లేచి గంజి తాగుతారు. అక్క కూడా కూర్చుంటానంది. బయలుదేరే ముందు నన్ను పక్కకు పిలిచింది.

"ఒరే, బాగుండాడు అని ఫోన్లో నోటిమాట చెప్పబాక. మా మామను ఆస్పత్రికి తీసకపోయినప్పుడు గూడా అట్టనే చెప్పినారు. బాగుండాడు, బాగుండాడు అంటానే వచ్చి అంబులెన్సులో శవాన్ని దించినారు. నాకు వీడియోలో మొహం చూపీ. అది చూసినాకనే నేను నోట్లో నీళ్ళు పోసుకునేది."

"నీకు షుగరుంది గదక్కా."

"మాత్ర ఏసుకుంటాలే. నువ్వు మొహం చూపీ చాలు."

మాత్ర వేసుకుని తిండి మానేస్తే ఏమవుతుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇక్కడ మా చర్చి వైఫై సంగతి చెప్పాలి. పాస్టరు అయ్యగారు కొత్త సంవత్సరం ఆరాధనలో బైబిల్లోంచి ఆ ఏటి వాగ్దాన వాక్యం చదువుతారు. దాని అధ్యాయం, వచనం అంకెలే ఆ ఏడాదంతా వైఫైకి పాస్‌వర్డు. ఆ రాత్రి చర్చికి వచ్చినవాడికి తెలుస్తుంది, రానివాడు వచ్చినవాణ్ణి అడుక్కోవాలి. చర్చి గోడ పక్కనే నా దుకాణం. కాబట్టి ఫోన్లో రీఛార్జ్ ఉందా లేదా అని చూసుకునే అలవాటు నాకు పోయింది. "అయిపోవస్తా ఉంది, చూసుకోండి" అని మా ఆవిడ చెప్పింది. చూసుకుంటాలే అన్నాను.

స్టెంటు పని మధ్యాహ్నం కాకముందే అయిపోయింది. నర్సు జాలిపడి ఒక్క నిమిషం లోపలికి పోనిచ్చింది. బావ మెలకువగానే ఉన్నాడు. నేను ఫోన్ పైకెత్తగానే చెయ్యి ఊపాడు. ఊపి, "అది తినిందా?" అన్నాడు.

"తింటది బావా. ఇదో, ఇప్పుడే పంపిస్తా ఉండా."

బయటికి వచ్చి అక్కకు ఆ వీడియో పంపాను. పోలేదు. చిన్న గడియారం బొమ్మ పడి అలాగే ఉండిపోయింది. ఫోన్ చేయబోతే, సర్వీసు ఆగిపోయింది, రీఛార్జ్ చేసుకోమని ఒక ఆడగొంతు చెప్పింది. బావ తన ఫోన్ ఇంట్లోనే పెట్టి వచ్చాడు.

ఎదురుగా ఒక సెల్లు దుకాణం ఉంది. రీఛార్జ్ అడిగితే దుకాణదారు నా నంబరు చూసి "ఆంధ్రావా?" అని, అరవంలో ఇంకేదో చెప్పి చెయ్యి ఊపాడు. కుదరదన్నాడో, కాసేపు ఆగమన్నాడో నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడగాల్సింది. అడగకుండా వచ్చేశాను.

ఆసుపత్రి గోడ మీద ఉచిత వైఫై అని బొమ్మ ఉంది. ఫోన్లో దాని పేరు నొక్కితే నా నంబరు అడిగింది. ఇచ్చాను. ఓటీపీ పంపామంది. రాలేదు. కౌంటర్లో అమ్మాయి "వస్తుంది సార్, వెయిట్ చేయండి" అంది. ఆగిపోయిన సిమ్ముకు ఓటీపీ ఎలా వస్తుందని ఆమెకు తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇక్కడ సిగ్నలు లేదేమోననుకుని మెట్రో స్టేషన్‌కి నడిచాను. అక్కడి వైఫై కూడా నంబరు అడిగింది, ఓటీపీ పంపామంది. ఒక కాఫీ హోటల్లో కూడా అంతే. ప్రతి చోటా తలుపు బార్లా తెరిచి ఉన్నట్టే ఉంటుంది, గడప దగ్గర నిలబెట్టి నువ్వెవరంటారు. నేను ఫలానా అని చెప్పుకోవడానికి పనికొచ్చే వస్తువు నా చేతిలోనే చచ్చిపడి ఉంది. నేను మాత్రం తప్పు ఆ చోటుదే అనుకుంటూ ఇంకో చోటికి పోతున్నాను.

అలా తిరుగుతుంటే ఒక చర్చి కనబడింది. నా ప్రాణం లేచి వచ్చింది. లోపల గోడకు ఆ ఏటి వాగ్దాన వాక్యం పెద్ద బ్యానరు మీద రాసి ఉంది. అక్షరాలు అరవం, అంకెలు మనవే. ఫోన్లో చూస్తే చర్చి వైఫై కూడా ఉంది. ఇది ఓటీపీ అడగలేదు, పాస్‌వర్డు అడిగింది. ఇంకేం, అనుకున్నాను. బల్ల మీద కూర్చుని ఆ అంకెలు కొట్టాను. తెరుచుకోలేదు. అంకెల ముందు ఒక ప్రవక్త పేరు పెట్టి కొట్టాను. ఇంకో ప్రవక్త పేరు పెట్టాను. పెద్దక్షరాలతో, చిన్నక్షరాలతో, మధ్యలో చుక్క పెట్టి, చుక్క తీసేసి. చర్చి ఊడ్చే ఆమె నా చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది. ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. ఇది పరాయి చర్చి, వీళ్ళ పాస్‌వర్డు ఇంకేదో అయి ఉంటుందని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. వాక్యమే సరిగ్గా పట్టుకోలేకపోతున్నాననుకున్నాను.

ఆసుపత్రికి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వరండాలో నా పక్క కుర్చీలో నాయుడుపేట నుంచి వచ్చిన ఒకామె ఉంది. వాళ్ళత్తను చేర్చారు. పొద్దుట నాతో రెండు మాటలు మాట్లాడింది.

"ఏందన్నా, మొహం అట్టుంది? మీ బావ బాగుండాడు గదా?"

చెప్పాను. ఆమె వింటూ నా ఫోన్ వైపు చూసింది.

"మీ అక్క నంబరు దాంట్లో ఉంది గదా?"

"ఉంది."

"చదువు మరి, నేను కొడతా. నా ఫోనేమన్నా రాయా? పొద్దన్నుంచి నీ పక్కనే కూచోనుండా గదన్నా!"

నా చేతిలో నంబరు ఉంది. ఆ వరండా నిండా ఫోన్లు ఉన్నాయి. వీడియో, వీడియో అనుకుంటూ తిరిగానే తప్ప, నంబరు చదివి ఎవరిచేతనైనా ఫోన్ కొట్టించవచ్చని నాకు తట్టలేదు. నోటిమాట నమ్మనని అక్క అంది, నిజమే. కానీ బతికున్న బావ గొంతు వింటే కాస్త చక్కెర నీళ్ళయినా తాగి ఉండేది.

అక్క ఫోన్ అయ్యగారు ఎత్తారు. వెనక ఆటో చప్పుడు.

"యాడుండావు నాయనా! నీకు ఫోన్ చేస్తే పోలేదు. నువ్వు గూడా దాస్తా ఉండావు, మీ బావ పోయినాడనే అనుకున్నాం. గంజి తాగమంటే మీ అక్క వింటే గదా! చర్చి మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. నెల్లూరు తీసకపోతా ఉండాం."

"బావ బాగుండాడయ్యగారూ, బాగుండాడు" అన్నాను. నా చెవికే అది అబద్ధంలా వినిపించింది.

అక్కకు చక్కెర బాగా పడిపోయింది. మెట్ల మీద పడ్డప్పుడు తుంటి ఎముక విరిగింది. బావ ఇంటికి వచ్చి గుంటల మీద తిరగడం మొదలుపెట్టేనాటికి కూడా ఆమె మంచం దిగలేదు. ఏమైందిరా అని అందరూ అడిగితే "నెట్ రాలేదు, ఎక్కడా కనెక్ట్ కాలేదు" అన్నాను. అది అబద్ధం కాదు కూడా. అయ్యగారు దాన్ని ప్రార్థనలో సైతాను పని అన్నారు. నేను కాదనలేదు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. అక్క ఆటో కోసం వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. జరిగింది మొత్తం చెప్పాను. చర్చిలో పాస్‌వర్డు కొడుతూ కూర్చున్నది కూడా చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఎవర్నన్నా ఫోను అడిగుంటే ఇచ్చుండరా?"

"ఇచ్చుందురక్కా."

"మరి?"

ఆమె నిజంగానే జవాబు కోసం నా మొహంలోకి చూస్తోంది. రీఛార్జ్ అయిపోయిందని చెప్పుకోవడానికి సిగ్గా? భాష రాక భయమా? ఒక్కొక్కటీ పైకి అనుకుని చూశాను. ఏదీ అంతసేపటికి సరిపోలేదు.

"తెలీదక్కా" అన్నాను.

ఆటో వచ్చింది. కర్ర ఆనించుకుని లేవబోతుంటే చెయ్యి అందించాను. ఆ చేతి వైపు చూసి, పట్టుకుంది.