కొత్త మామిడి ముట్టని కెప్టెన్

పేపరు రాగానే నేను ముందు తిప్పేది ఆటల పేజీ. రాజకీయాలూ, చావు కబుర్లూ ఆ తర్వాతే. మొన్న పొద్దున కూడా అలాగే కళ్లజోడు సర్దుకుని చూస్తే, ఏదో విదేశపు జాతీయ ఫుట్‌బాల్ జట్టు కోచ్ పని వదిలేసి వెళ్లిపోయాడని పెద్ద అక్షరాల్లో ఉంది. కెప్టెన్ మీద ఏదో గొడవ వచ్చిందట, ఆ కుర్రాడి తప్పేమిటో తేలకముందే, కోచ్‌ను ఒక్క మాటైనా అడక్కుండానే, పైవాళ్లు కెప్టెన్‌ను పక్కన పెట్టారట, అలాంటప్పుడు ఇక నేనెందుకని ఆయన రాజీనామా ఇచ్చేశాడట. ఆ ముక్కనే పదేపదే చదువుతుంటే మా ఇంటావిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆయన ఉద్యోగం మీకేమన్నా ఇస్తామన్నారా అని నవ్వింది. నిజమే, ఆ దేశం పేరు పలకడానికి కూడా నాకు నోరు తిరగదు. కానీ కెప్టెన్ కోసం కోచ్ వెళ్లిపోవడమంటే ఏమిటో నలభై అయిదేళ్ల కిందటే కళ్లారా చూసినవాణ్ణి. అప్పుడు వెళ్లిపోయిన కోచ్ మా మేనమామ. తీసేసిన కెప్టెన్ జాగాలో కూర్చోబెట్టింది నన్ను.

మాది బోనకల్ దగ్గర ఊరు. నాన్న రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. పదో తరగతి కాగానే, ఊళ్లో ఉంటే నేను స్టేషన్ బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే బండ్లు చూడటం తప్ప మరో పని చెయ్యనని అమ్మకు గట్టి నమ్మకం కుదిరి, భద్రాచలంలో డ్రిల్లు మాస్టారుగా ఉన్న తమ్ముడి దగ్గరికి ఇంటరు చదువుకని పంపేసింది. మామయ్య పెళ్లి చేసుకోలేదు. ఆదివారం పొద్దున చర్చి, మిగతా రోజులన్నీ గ్రౌండు, అదే ఆయన లోకం. కాలేజీ కుర్రాళ్లనూ, గిరిజన హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లనూ కలిపి ఒక జట్టు కట్టాడు. ఎండాకాలం గోదావరి వెనక్కి తగ్గినప్పుడు ఇసుకలో మమ్మల్ని పరుగెత్తించేవాడు. మడమలు ఇసుకలోకి దిగిపోయి అడుగు పైకి లేవక ఏడుపొచ్చేది, అయినా మానాలని ఎవరికీ అనిపించేది కాదు.

మా కెప్టెన్ నాకంటే ఏడాది పెద్ద. అడవిలో బాగా లోపలి కోయ ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. మాటలు తక్కువ. ఆటలో మాత్రం ఎవరు ఎటు పోవాలో వాళ్ల భాషలో ఒక్క కేక వేస్తే, ఆ భాష రాని మేము కూడా అటే పరుగెత్తేవాళ్లం. అతను ఉత్త కాళ్లతో ఆడేవాడు, నాకు నాన్న కొనిపెట్టిన బూట్లుండేవి. అంతమాత్రానికే నేను అతనికంటే గొప్ప ఆటగాణ్ణని లోలోపల ఒక నమ్మకం నాకు. కోచ్‌కి స్వయానా మేనల్లుణ్ణి, బూట్లున్నవాణ్ణి, నన్ను కాదని అతన్ని కెప్టెన్ చెయ్యడమేమిటని మామయ్య మీద మనసులో కినుక కూడా ఉండేది. ఆ వయసులో అసూయ ఎంత తేలిగ్గా న్యాయంలా కనిపిస్తుందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

అలాగని అతనితో స్నేహం లేదని కాదు. నేను భద్రాచలం చేరిన ఏడు సెలవులకు నన్ను వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు. బస్సు దిగి రెండు వాగులు దాటి నడిచాం. వాళ్లింటి వెనక మామిడి చెట్టు కింద రాలిన పిందె ఒకటి తీసి కొరకబోతుంటే, వాళ్ల నానమ్మ ఎక్కణ్ణుంచి చూసిందో, వచ్చి నా చేతిమీద ఒక్కటి వేసి దాన్ని కింద పడగొట్టింది. నేను బిత్తరపోతే ఆవిడే మళ్లీ నవ్వి, తినడానికి ఉడకబెట్టిన దుంపలు చేతిలో పెట్టింది. తర్వాత అతను చెప్పాడు. ఊళ్లో అందరూ కలిసి కొత్త మామిడిని ముందు వేల్పులకూ, పోయిన పెద్దలకూ పెట్టి పండుగ చేసుకుంటారట. ఆ రోజు ఎప్పుడన్నది ఊరి పెద్ద చెబుతాడు. ఆ పండుగ అయ్యేదాకా ఆ ఊరివాళ్లు ఎక్కడున్నా సరే, కొత్త కాయ నోట పెట్టరు. నాకు ఆ సంగతి అంత బాగా తెలుసునని మీరు గుర్తుపెట్టుకోవాలి.

ఆ మరుసటేడు ఎండలు ముదురుతున్న రోజుల్లో వేంసూరు వైపు ఒక ఊళ్లో టోర్నమెంటు పెట్టారు. మా దారి ఖర్చులూ, చొక్కాలూ, తిండీ అన్నీ తన మీద వేసుకుని జట్టును తన పేరు మీద దింపినవాడు అక్కడి మామిడి తోటల ఆసామి. తండ్రి హయాంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం. మేమంతా ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం. మంచివాడే, ఇప్పటికీ నేను ఆ మాటే అంటాను. పెట్టే చెయ్యి పెద్దది, కోపం అంతకన్నా పెద్దది.

ఆట రేపనగా మధ్యాహ్నం ఆయన తోటలో మాకు భోజనాలు పెట్టాడు. మ్యాచ్ వేళల సంగతి మాట్లాడటానికి మామయ్య పక్క ఊరు వెళ్లాడు. చెట్ల కింద చాపలు పరిచి, విస్తళ్లు వేసి, కొత్త మామిడికాయ పప్పూ, పచ్చడీ, అన్నిటికంటే ముందు కాపుకొచ్చిన చెట్టు తొలి పళ్లూ పెద్దాయన పనివాళ్లకు ఇవ్వకుండా తనే వంగి వడ్డించుకుంటూ వచ్చాడు. మా కెప్టెన్ చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. మొహమాటమనుకుని ఆయన వేశాడు. అతను విస్తరి కాస్త పక్కకు జరిపి తల దించుకుని కూర్చున్నాడు. అది చూసి వరసలో ఉన్న మరో నలుగురు హాస్టల్ కుర్రాళ్లు కూడా చేతులు వెనక్కి తీసుకున్నారు. వేల్పుల సంగతి పరాయివాళ్ల ముందు, తిండి దగ్గర ఎత్తడం అతనికి సిగ్గో, ఇష్టమే లేదో, ఎంత అడిగినా వద్దు సారూ అన్న ఒక్క మాట తప్ప రాలేదు. పెద్దాయన మొహం ఎర్రబడింది. పక్కనే కూర్చుని లొట్టలేస్తున్న నన్ను అడిగాడు.

"ఏరా, నువ్వు వీడితోనే తిరుగుతావు కదా, ఏంటి వీడి సంగతి? నా తోట కాయలో విషమేమైనా ఉందా?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. మూడు ముక్కల్లో అయిపోయేది.

"ఏమో సారూ, నాకు తెల్వదు" అన్నాను.

కెప్టెన్ తలెత్తి నా వంక ఒక్కసారి చూశాడు. పెద్దాయన అక్కడికక్కడే, పెట్టిన చేతిని అవమానించేవాడు నా జట్టుకు కెప్టెన్‌గా పనికిరాడు, రేపు నువ్వే అని నా భుజం తట్టాడు. దాపరికం దేనికి, నాకు సంతోషమే వేసింది. పండు ఇంకొకటి వేయించుకుని తిన్నాను కూడా.

మామయ్య పొద్దు గూకే వేళకు వచ్చాడు. సంగతి విని, చెప్పులైనా విప్పకుండా పెద్దాయన దగ్గరికి వెళ్లి ఆ పండుగ ఆచారమంతా వివరంగా చెప్పాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. మీ మేనల్లుణ్ణి అడిగితే తెలియదన్నాడు, ఇప్పుడు మీరొచ్చి కథ అల్లుతున్నారన్నాడు. మామయ్య నా వైపు తిరిగాడు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు పెద్దాయన కాస్త మెత్తబడినట్టే నవ్వి, "అయినా కెప్టెన్‌ని చేసింది ఎవర్నండీ, మీవాణ్ణేగా. మీకొచ్చిన కష్టమేంటి?" అన్నాడు.

మామయ్య మెడలోని ఈలను తీసి మంచం మీద పెట్టాడు.

"నావాడు గాబట్టే నేనుండ" అన్నాడు.

సంచీ సర్దుకుని, కెప్టెన్ దగ్గర ఒక నిమిషం ఆగి, వీపు మీద చెయ్యి వేసి, రోడ్డు మీదికి వెళ్లి ఆఖరి బస్సెక్కాడు. నాతో మాట్లాడలేదు. తిడితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది ఆ రోజే.

మేము ఊరి బడి వరండాలో పడుకున్నాం. జట్టు నాతో పోట్లాడలేదు, మాట్లాడనూ లేదు. రేపటి ఆట గురించి ఏదైనా అడగాలంటే మాత్రం అందరూ పాత కెప్టెన్‌నే అడిగారు. ఉత్త పేరు తప్ప నా దగ్గర ఏమీ లేదని అర్థమైంది. అంతకన్నా, మామయ్య ఇక నాతో ఎప్పటికీ మాట్లాడడేమోనన్న భయం పట్టుకుంది. తెల్లారగానే పెద్దాయన తోటలోని పంపుసెట్టు దగ్గరికి వెళ్లాను. ఆయన వేపపుల్ల నములుతున్నాడు. ఆ ఆచారం నాకు ముందే తెలుసుననీ, కెప్టెన్ అవుదామన్న ఆశతో దాచాననీ, మామయ్య చెప్పిందంతా నిజమేననీ ఏడుపు ఆపుకుంటూ చెప్పేశాను.

ఆయన నమలడం ఆపేశాడు. పుల్ల పారేసి మొహం కడుక్కున్నాడు.

"మా అమ్మ కూడా కొత్త బియ్యం దేవుడికి పెట్టందే మమ్మల్ని గిన్నె దగ్గరికి రానిచ్చేది కాదురా. నిన్న నీ నోరేమైనా పడిపోయిందా?" అన్నాడు.

తిట్టినా ఆ గొంతులో కోపం లేదు. నాతో పాటే బడి దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా కెప్టెన్ భుజం మీద చెయ్యి వేసి, జట్టు నీదే, నడిపించమన్నాడు. పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనక్కి తీసుకోవడం అలాంటి మనిషికి ఎంత కష్టమో పెద్దయ్యాక గాని నాకు తెలియలేదు. కెప్టెన్ "అవ్ సారూ" అని లేచి నిలబడ్డాడు. తర్వాత నా వైపు చూసి, "జల్దీ బూట్లేస్కో" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఇద్దరి మధ్య లెక్క అయిపోయింది. అతను మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. ఆ రోజు గెలిచాం, మర్నాడు ఒక్క గోలు తేడాతో ఓడి ఇంటిదారి పట్టాం.

మామయ్య గుమ్మంలో కూర్చుని పాత బంతికి కుట్లు వేస్తున్నాడు. ఎదురుగా నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. సూది ఆపకుండానే విన్నాడు. నువ్వెందుకు వెళ్లిపోయావు, ఉండి కొట్లాడితే ఆయన వినేవాడేమో కదా అని అడిగాను.

"నేను ఆడ్నే ఉంటే ఆయనతోటి నేనే కొట్లాడుతుంటి, నువ్వు నా ఎన్కాల దాక్కుంటుంటివి. నేను పోతెనే నీకు మాట్లాడే వంతు వస్తదని పోయిన."

"నేను మాట్లాడకపోతేనో?"

"గదే భయంతోటి బస్సుల కూసున్న" అన్నాడు మామయ్య.

పెద్దాయన రెండుసార్లు మనిషిని పంపినా, మామయ్య మళ్లీ ఆ జట్టుకు వెళ్లలేదు. కోపంతో మాత్రం కాదు. అప్పటికే బడి పిల్లలతో ఇసుకలో కొత్త జట్టు మొదలుపెట్టేశాడు, ఆయనకు ఖాళీ ఏది. నేను ఆటలో ఎంతో దూరం పోలేదు. బస్సు కండక్టరునై ఖమ్మం, భద్రాచలం మధ్య తిరిగి తిరిగి రిటైరయ్యాను. కెప్టెన్ ఆశ్రమ పాఠశాలలో మాస్టారై, ఆ తర్వాత సొంత ఊరు చేరి, అక్కడి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. నా సర్వీసు ఆఖరి రోజుల్లో ఆ పిల్లలు పోటీలకు వెళుతూ నా బస్సే ఎక్కేవారు. అందరి కాళ్లకూ బూట్లు. ఒకసారి దారిలో ఎవరో పళ్లు ఇవ్వబోతే, వాళ్లలో చిన్నపిల్ల మా ఊళ్లో ఇంకా పండుగ కాలేదని బస్సంతా వినిపించేలా చెప్పి, అదెలా చేస్తారో కూడా వివరించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మేము మాట దొరక్క తల దించుకున్న చోట ఆ పిల్ల ఎంత సులువుగా నిలబడిందో.

మారిందంతా మంచికే మారిందనను. మామయ్య కాలం చేసి చాలా ఏళ్లయింది. ఇంకొకడు నోరు విప్పాలని తను తప్పుకుని, విప్పుతాడో లేదోనని భయపడుతూ కూర్చునే మనుషులు ఇప్పుడు నాకు తక్కువగా కనిపిస్తున్నారు. కానీ కనిపించనంత మాత్రాన లేరని ఎలా అనగలను? ఆ సాయంత్రం బస్సులో ఆయన పక్క సీట్లో కూర్చున్నవాడికి మాత్రం ఏం తెలిసి ఉంటుంది? నేను కెప్టెన్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఒక మధ్యాహ్నం కెప్టెన్‌నై, మర్నాడు పొద్దున్నే నా అంతట నేను దిగిపోయాను. ఇన్నేళ్ల బతుకులో పదిమందికి చెప్పుకోదగ్గ పని ఏదైనా చేశానంటే, అదొక్కటే.