రెండే గెలిచిన జట్టుకు వెళ్ళిన ఓటు

వాసిలెక్ బార్‌లో ఇత్తడి గంట మోగే సమయానికి ఐరీన్ ఇంకా చేతి తొడుగులు కూడా విప్పలేదు. గుమ్మంలో నిలబడి బూట్ల మంచు దులుపుకుంటోంది. కౌంటర్ వెనక నుంచి ఆమె అన్న టెడ్ చెయ్యి చాచి, తాడు పట్టుకుని రెండుసార్లు లాగాడు.

"మా రీనీ ఓటు పంపేసింది," అన్నాడు అందరికీ వినపడేలా. "డెవిన్‌ని కొత్త సూటు కుట్టించుకోమనండి ఇక."

మధ్యాహ్నం మూడింటికి ఆ బార్‌లో ఉండేది మూతబడ్డ ఉక్కు మిల్లు నుంచి పింఛను తీసుకునేవాళ్ళే. అంతా చప్పట్లు కొట్టారు. ఐరీన్ నవ్వింది. ఆమె ఓటు ఊరి జట్టు కుర్రాడు డెవిన్‌కి కాక ఇంకొకడికి వెళ్ళి అప్పటికి గంటన్నర అయింది.

ఆ గంట సంగతి కాస్త చెప్పుకోవాలి. ఈరీ సరస్సు మీద హార్లాన్ ఫెర్రీ ఊరి జనాన్ని దాటించిన ఆఖరి పడవ నుంచి దాన్ని ఊడదీసి తెచ్చారు. పడవలు పోయాయి, రేవు పూడిపోయింది, మిల్లు చల్లారింది. ఫెర్రీమెన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మాత్రం మిగిలింది. అంత చిన్న ఊరికి అంత పెద్ద జట్టు ఎలా దక్కిందో ఆ దేవుడికే తెలియాలి. ఏటా లీగులో కొత్తగా చేరిన కుర్రాళ్ళలో ఎవడు మేటి అన్నది దేశం మొత్తమ్మీద యాభైమంది పత్రికలవాళ్ళు ఓటేసి తేలుస్తారు. అందులో ఒక ఓటు ఊరి పత్రిక కొరియర్‌ది. నలభై ఏళ్ళు అది ముసలి విలేఖరి గస్ చేతిలో ఉండేది. ఊరి కుర్రాడికి ఓటేసినప్పుడల్లా గస్ తిన్నగా బార్‌కి వచ్చి గంట కొట్టేవాడు. ఫలితం వచ్చేది నెల తర్వాతే అయినా, గంట మోగిందంటే ఊరికి మాట ఇచ్చినట్టే. గస్ పోయాక ఓటు ఐరీన్‌కి వచ్చింది. పదకొండేళ్ళలో ఒక్కసారే గంట మోగింది, అదీ తన చేత్తోనే.

ఈసారి తను కొట్టలేదు. ఆపనూ లేదు. "ఆగు టెడ్డీ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, చప్పట్లు విని వెనక్కి పోయింది.

ఐరీన్‌కి యాభై ఎనిమిదేళ్ళు. కొలిమి ముందు ముప్పై ఏళ్ళు కాలిన తండ్రికి చిన్న కూతురు. పదిహేడో ఏట హైస్కూలు ఆటల స్కోర్లు ఫోన్లో పత్రికకు చదవడంతో మొదలుపెట్టింది. స్టేడియంలో విలేఖరుల గదికి వెళ్ళిన మొదటి ఆరేళ్ళూ అక్కడ ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. నాలుగు అంతస్తులు దిగి, గోలచేసే జనంలోంచి వెళ్ళొచ్చి, మళ్ళీ రాతకు కూర్చునేది. పెళ్ళి ఊసు ఒకటి రెండుసార్లు వచ్చి ఆగిపోయింది. తల్లిదండ్రులు పోయాక మిగిలింది టెడ్. టెడ్ ద్వారా ఊరు. వేరే ఊళ్ళో బతకడం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. తెలుసుకోవలసి వస్తుందేమోనన్నదే ఇప్పుడు భయం.

డెవిన్ ప్రూయిట్ మంచివాడే. బంతి విసిరి జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానం తొలి ఏడాదే దక్కింది. పదిహేడు ఆటల్లో జట్టు పన్నెండు గెలిచింది. కానీ వసంతంలో కొత్త కుర్రాళ్ళను జట్లు పంచుకునేటప్పుడు అతను ఇరవై ఎనిమిదో పేరుగా, అప్పటికే బలంగా ఉన్న జట్టుకు వచ్చాడు. ఒక విధంగా వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నాడు. టెరెల్ మానిగో పేరు రెండోది. బంతి అందుకుని పరిగెత్తేవాడు. అడుగున ఉన్న జట్టుకే ముందు ఎంచుకునే హక్కు కాబట్టి అడుగు జట్టుకే వెళ్ళాడు. అక్కడ విసిరేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దెబ్బతిన్నారు. అయినా నూట మూడు బంతులు పట్టాడు. జట్టు గెలిచింది మాత్రం రెండే.

తొమ్మిదేళ్ళ క్రితం సరిగ్గా ఇలాంటి చిక్కే వచ్చింది. అప్పుడు ఐరీన్ గెలుపులు లెక్కపెట్టి ఊరి కుర్రాడికి ఓటేసి, గంట కొట్టింది. ఓడిన కర్టిస్ బోల్డెన్ మరుసటి ఏడాది మోకాలు పోగొట్టుకున్నాడు. చాలాకాలానికి ఒక బడి వ్యాయామశాలలో కనిపించాడు. పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. కుర్చీ తెచ్చి వేసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మేడమ్, ఆ యాభైమందిలో మీరూ ఒకరు కదా. నాలో ఏం తక్కువైందో చెబుతారా? ఊరికే తెలుసుకుందామని."

"నీలో ఏం తక్కువ కాలేదు. మీ జట్టు ఓడింది."

"నన్ను వాళ్ళు పిలిచారు మేడమ్. నేను వెళ్ళి చేరలేదు."

ఈల ఊదుకుంటూ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మాట ఆమెలో ఉండిపోయింది.

ఫలితం ఫిబ్రవరిలో, ఆఖరి పెద్ద ఆటకు ముందు గురువారం వస్తుంది. ఎవరు ఎవరికి వేశారో పేర్లతో సహా అచ్చువేస్తారు. ఆ నాలుగు వారాల్లో ఊరు చూపిన ప్రేమ ఐరీన్ ప్రాణాలు తోడేసింది. రొట్టెల దుకాణంలో ఆమె సంచిలో అడగని బన్నులు రెండు ఎక్కువ పడేవి. ఎదురింటి ముసలామె హ్లవాటి జట్టు రంగుల్లో మఫ్లరు అల్లి ఇచ్చింది. "మెడకు చుట్టుకో తల్లీ, నువ్వు చల్లగా ఉండాలి," అంది. అది కట్టుకుని బయటికి వెళ్ళిన రోజు ఐరీన్‌కి ఊపిరాడలేదు.

పొరుగు రాష్ట్రంలో ఇలాగే ఊరి ఆటగాణ్ణి కాదన్న విలేఖరి ఒకాయన ఉండేవాడు. ఆయన పోస్టుడబ్బాలో నెల రోజులు కుళ్ళిన చేపలు దొరికాయి. ఆ తర్వాత ఆయన పిల్లలు చదువుకునే బడికి ఎవరో ఫోన్ చేశారు. ఆ తర్వాత ఆయన ఊళ్ళో లేడు. ఐరీన్ పోస్టుడబ్బా తెరవడానికి ముందు మూతమీద వేలితో తట్టి చూడడం మొదలుపెట్టింది. వెనక తలుపు గడియ మార్పించింది. తాళాలు బిగించే వాడు కూడా పని ముగించి "డెవిన్‌కి నా తరఫున కూడా థాంక్స్ చెప్పండి" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఇక ఆగలేక బార్ వెనక బీరు పీపాలుండే గదిలోకి టెడ్‌ని పిలిచింది.

"మానిగోకి వేశాను టెడ్డీ."

టెడ్ చేతిలోని సరుకు చీటీల కట్ట పక్కన పెట్టాడు. "ఏదీ, మళ్ళీ చెప్పు."

"విన్నావుగా."

"రెండు గెలిచినోళ్ళకా? రెండంటే రెండు. మన హైస్కూలు పిల్లలు కూడా అంతకంటే ఎక్కువ గెలుస్తారే."

"ఆ కుర్రాడు ఓడలేదు. వాడి జట్టు ఓడింది."

"మరి నేను గంట కొడుతుంటే నవ్వుతూ నించున్నావేం?"

టెడ్ పీపా మీద కూర్చున్నాడు. అరవై నాలుగేళ్ళ మొహం ఒక్కసారిగా నాన్న మొహంలా కనిపించింది.

"ఓటు నీది. ఎవడికైనా వేసుకో, నాకేం. కానీ రీనీ, అబద్ధం నా చేత్తో మోగించావు. రేపు బడ్ క్రాల్ ముందు, మిగతావాళ్ళ ముందు నేను ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?"

"తెలియక కొట్టానని చెప్పు."

"నా చెల్లెలు నాకే చెప్పలేదని చెప్పుకోనా?" లేచి చీటీలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "వెళ్ళు. నాకు పనుంది."

గురువారం పన్నెండింటికి జాబితా వచ్చింది. మానిగోకి ఇరవై ఆరు, డెవిన్‌కి ఇరవై నాలుగు. ఐరీన్ ఓటు ఇటు పడి ఉంటే సరిసమానం, బహుమతి ఇద్దరికీ. ఆ లెక్క వెయ్యడానికి హార్లాన్ ఫెర్రీలో ఎవరికీ కాగితం అక్కర్లేదు. ఒంటిగంటలోపు పత్రిక ఆఫీసుకి నలభై ఫోన్లు వచ్చాయి. ముప్పై తిట్లు. పది మాత్రం అవతల ఎవరో ఊపిరి పీలుస్తూ ఏమీ అనకుండా ఉన్నవి. ఆ పదింటికే ఆమె ఎక్కువ భయపడింది.

ఇంట్లో దాక్కుంటే ఈ భయం ఇంకెప్పటికీ బయటికి రానివ్వదని ఆమెకు తెలుసు. మూడింటికి కోటు వేసుకుని బార్‌కి నడిచింది. తలుపు తియ్యగానే మాటలు ఆగిపోయాయి. టీవీలో ఎవరో సబ్బు గురించి చెబుతున్నారు. టెడ్ తలెత్తలేదు, గ్లాసు తుడుస్తూనే ఉన్నాడు.

"వచ్చిందండీ మహారాణి," అన్నాడు బడ్ క్రాల్. మిల్లులో ఆమె తండ్రి పక్కన పనిచేసినవాడు. "ఏమ్మాయ్, మీ నాన్నుంటే ఏమనేవాడో తెలుసా?"

"తెలీదు బడ్. నువ్వేమంటావో చెప్పు."

"క్వార్టర్‌బ్యాక్ పనేంటి? గెలిపించడం. గెలిపించాడు. ఇంకేం కావాలి నీకు? ఆట చేజారిపోయాక అవతలోళ్ళు సోమరిగా నించుంటే నేనూ పడతాను నూరు బంతులు."

"నువ్వా? నీ చేతికి గ్లాసే సరిగ్గా అందదు," అన్నారు ఎవరో. ఎవరూ నవ్వలేదు.

ఐరీన్ కుర్చీ వీపు పట్టుకుంది. "అతను పట్టినవాటిలో డెబ్బై, ఆట నాలుగు భాగాల్లో మొదటి మూడింట్లోనే, బడ్. ఆట చేజారకముందే. నేను కూర్చుని లెక్కపెట్టాను. మనం గెలిచిన పన్నెండులో ఏడింట అవతలోళ్ళని మనవాళ్ళు పది పాయింట్లు దాటనివ్వలేదు. అది డెవిన్ చేసిందా? నవంబరులో ఇదే కుర్చీలో కూర్చుని 'ఈ వెధవ బంతి ఎవరికి విసురుతున్నాడురా' అన్నది ఎవరు?"

బడ్ మొహం ఎర్రబడింది. "అది ఇంటి మాట. మనలో మనం అనుకునేది."

"నిజమే. నేను బయట రాశాను." కౌంటర్ వైపు తిరిగింది. "గంట విషయంలో తప్పు నాది. టెడ్‌కి తెలియదు. నిన్నటిదాకా చెప్పలేదు, చెప్పే ధైర్యం లేక."

బడ్ కోటు తీసుకున్నాడు. ఇంకో ఐదుగురు లేచారు. తలుపు తెరిచి మూసినప్పుడల్లా సరస్సు గాలి లోపలికి కొట్టింది. మిగిలిన నలుగురూ టీవీ వైపు తిరిగి కూర్చున్నారు.

టెడ్ ఆమె ముందు కాఫీ పెట్టాడు. "తాగి వెళ్ళు," అన్నాడు. కాసేపటికి, ఇంకెవరికీ వినపడకుండా, "ఆదివారం భోజనానికి రావద్దులే. వచ్చే ఆదివారం చూద్దాం," అన్నాడు.

శుక్రవారం పొద్దున మోకాలి లోతు మంచు. ఐరీన్ గంటసేపు పార పట్టి ఇంటి ముందు కారు పట్టేంత జాగా చేసుకుంది. అలాంటి జాగాలో వంటింటి కుర్చీ ఒకటి పెట్టి వెళితే ఆ ఊళ్ళో ఎవరూ దాన్ని కదపరు. కొట్టుకునే అన్నదమ్ములు కూడా కదపరు. కదిపారంటే కుర్చీ పెట్టిన మనిషి ఇక ఆ వీధి మనిషి కాదన్నట్టే. ఆమె పసుపు ప్లాస్టిక్ కుర్చీ పెట్టి ఆఫీసుకి వెళ్ళింది. రోజంతా ఫోన్లు వింటూ ఆ కుర్చీ గురించే ఆలోచించింది.

నాలుగింటికి వీధి మలుపులో కారు నెమ్మది చేసింది. రెండు వైపులా వాహనాలు ముక్కుకు ముక్కు ఆనించి ఉన్నాయి. వీధి మొత్తానికి ఒకే ఒక్క ఖాళీ, మధ్యలో పసుపు కుర్చీ. దాని సీటు మీద ఎవరో ఉమ్మిన మరక గడ్డకట్టి ఉంది. కుర్చీ మాత్రం పెట్టినచోటే ఉంది. ఎదురింట్లో హ్లవాటి పరదా కదిలి, మళ్ళీ మూసుకుంది.

వెనక ఇంకో కారు వచ్చి ఆగి, హారన్ కొట్టకుండా కాచుకుంది. ఐరీన్ దిగి, తొడుగు చేత్తో కుర్చీని ఎత్తి పక్కన పెట్టి, మళ్ళీ కారెక్కి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, కారును ఆ ఖాళీలోకి తెచ్చుకుంది.