ఇల్లు అని రాసిన కార్డు

పళ్లెంలో చెయ్యి పెట్టి తీసిన కార్డును నేను ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. దేవుడి మీద నాకు అనుమానం లేదు గానీ, ఆ పళ్లెం పట్టుకున్న చేతుల మీద మాత్రం బోలెడంత ఉంది.

నందవరం దగ్గరి మా పల్లెలో కొత్త సంవత్సరం పొద్దున ఆరాధన అయ్యాక పాస్టరమ్మ స్టీలు పళ్లెం పట్టుకుని నిలబడుతుంది. అందులో బోర్లించిన కార్డులు. ఒక్కో కార్డు మీద ఒకే ఒక్క మాట. ఇంటికి ఒక కార్డు. ఏ మాట వస్తే ఆ ఏడంతా ఆ ఇంటివాళ్లు ఆ మాట పట్టుకుని నడవాలి. మా ఇంట్లో కార్డు తీసేది మా అత్త, ఇంటికి పెద్దది కాబట్టి. ఆమెకు చదువు రాదు, అందుకని చదివేది నేను. దానికి అర్థం చెప్పేది మాత్రం మా ఆయన.

తిరకాసంతా అక్కడే. ఒక ఏడు "మార్గం" అని వచ్చింది. "సూసినావా, దేవుడే తోవ సూపిస్తాండాడు" అని మా ఆయన గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోదామన్నాడు. మరుసటి ఏడు "సమృద్ధి" వచ్చింది. "సమృద్ధి ఈడ యాడుంది, ఆడ ఉంది గానీ" అన్నాడు. పత్తి తీయడం అయిపోయాక మా వైపు పని ఉండదు, అది నిజమే. ఇంటికి తాళం వేసి పనులున్న చోటికి సుగ్గికి, అంటే వలస కూలికి, పోవడం మాకు కొత్తా కాదు. కానీ ఏ మాట వచ్చినా అది తిరిగి తిరిగి మిరప చేలోకే ఎందుకు చేరుతుంది? కూలీలను జమచేసే మేస్త్రి పాస్టరమ్మకు దగ్గరి చుట్టం. డిసెంబరులో ఆయన రెండుసార్లు వాళ్ల అరుగు మీద కూర్చుని టీ తాగడం నా కళ్లారా చూశాను.

ఆ పై ఏడు నా కూతురు పదో తరగతి. మార్చిలో పరీక్షలు. సుగ్గికి పోతే అందరం పోవాల్సిందే. వంటకు అత్త, కోతకు మేమిద్దరం, చేతి సాయానికి ఆ పిల్ల. ఎనిమిదిలో రెండు నెలలు, తొమ్మిదిలో రెండు నెలలు బడి పోగొట్టుకుంది. నా చదువు కూడా ఆదోనిలో సరిగ్గా పదిలోనే, ఇట్లాంటి సుగ్గి వల్లే ఆగిపోయింది. ఆ కడుపుమంట నాకు ఇంకా చల్లారలేదు.

అందుకే దొంగపనికి సిద్ధపడ్డాను. పాత పెళ్లిపత్రిక అట్టను అదే కొలతకు కత్తిరించి, ఎమ్మిగనూరులో కొన్న నల్ల స్కెచ్ పెన్నుతో "నిలకడ" అని రాసి జాకెట్టులో దాచుకున్నాను. అత్త తీసిన కార్డు నా చేతికి రాగానే మార్చేయాలనుకున్నాను.

ఆ పొద్దున ప్రార్థన మీద నాకు ధ్యాసే లేదు. పాస్టరమ్మ మా దగ్గరికి వచ్చేటప్పటికి పళ్లెం ఒకసారి కదిపింది. ఎందుకు కదిపినట్టు? మా ఆయన పోయి మేస్త్రి పక్కనే ఎందుకు నిలబడినట్టు? ఎప్పుడూ పైనున్న కార్డు తీసే అత్త ఈసారి వేళ్లతో తడిమి తడిమి, అడుగు నుంచి అంచు మడిచిన కార్డు ఒకటి లాగింది. చూపు ఆనదు కదా అనుకున్నాను. కార్డు చూసి, జాకెట్టు దాకా పోయిన చెయ్యి అక్కడే ఆపేశాను.

"ఇల్లు" అని ఉంది.

అందరికీ సమాధానం, విజయం, ఆశీర్వాదం లాంటి పెద్దపెద్ద మాటలు వచ్చాయి. "ఇల్లా? ఇదేం మాట మే? సరింగా సదువు" అని మా ఆయన కార్డు లాక్కున్నాడు. ఎటు తిప్పినా అది గుంటూరు పోవడం లేదు. మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి పాస్టరమ్మ వైపు చూశాడు. ఆమె పళ్లెంలోకి చూసుకుంది. చివరికి మా ఆయన నా దగ్గరికి వచ్చి, "ఇది నీ పనే" అన్నాడు. నేను కాదనలేదు.

"తీసింది నేను" అంది అత్త, ఆరాధన అయ్యాక పంచిన బన్ను తుంచుకుంటూ. "ఈ ఏడు మేం ఇంట్లోనే ఉంటాం. నువ్వు పోతే పో అప్పా."

ఆయన ఒక్కడే పోయాడు. పిల్ల పరీక్షలు రాసి పాసై, ఇప్పుడు ఆదోనిలో ఇంటరు చదువుతోంది. కానీ కార్డు తీసిన ఆ రోజు ఇంటికి వచ్చాక జరిగింది నేను ఎవరికీ చెప్పుకోలేదు.

కార్డును వెలుతురులో పెట్టి చూశాను. కింద ఒత్తు తోక పొడుగ్గా సాగి ఉంది. ఆ తోకను పదేళ్లుగా నోటుబుక్కుల్లో చూస్తున్నాను. నా కూతుర్ని పిలిచి అడిగాను. దాచలేదు. కార్డులు రాసే పని పాస్టరమ్మ ఆదివారం బడి పిల్లలకు ఇచ్చిందట. మా పిల్ల ఒకటి ఎక్కువ రాసి, అంచు మడిచి వాటిలో కలిపి, అవ్వకు ముందే చెప్పిందట.

"అవ్వకు సెప్పినావు. నాకెందుకు సెప్పలేదు?"

"నాయన పోదామన్నప్పుడల్లా మూట కట్టింది నువ్వే గదా మా. నువ్వు ఆయన పక్క అనుకున్నా."

ఊరందరినీ అనుమానించిన దాన్ని, నా ఇంట్లో నా కూతురు నన్ను అనుమానిస్తోందని కనిపెట్టలేకపోయాను. గబగబా జాకెట్టులోంచి నా కార్డు తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. సిరా మీద బొటనవేలితో రుద్ది చూసింది.

"ఇది ముందే రాసినావా, ఇప్పుడు రాసినావా?"

ముందే రాశానని ఒట్టు పెట్టాను. నిజమే చెబుతున్నా నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. పాస్టరమ్మ పళ్లెం వైపు నేను ఎట్లా చూస్తానో, నా కూతురు నా వైపు అట్లాగే చూసింది. తర్వాత కార్డు నా చేతికి తిరిగి ఇచ్చి, చదువుకోవాలని చెప్పి లోపలికి పోయింది.