నా గొంతు పోయిన వారం

మా ఆయన పిరికివాడు. ఈ మాట నేను చాటుగా చెప్పడం లేదు. ఆయన ముందే చెబుతాను, ఆయన కూడా అవుననే అంటాడు. మా పెళ్ళయి ఇరవై రెండేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఆయన ఎవరినైనా గట్టిగా ఒక్క మాట అనగా నేను చూడలేదు. హోటల్లో ఇడ్లీ చెబితే పూరీ తెచ్చిపెట్టినా నోరు మూసుకుని తినేసి వస్తాడు. ఖాకీ రంగు కనిపిస్తే చాలు, కూర్చున్నవాడు లేచి నిలబడి, గుటక మింగి, చొక్కా గుండీ తడుముకుంటాడు. ఒకసారి ఆటోలో గ్యాసు బండలు తెచ్చిన మనిషికి "నమస్కారం సార్" అన్నాడు. పాపం ఆ మనిషి, తన వెనకాల ఎవరైనా పెద్ద ఆఫీసరు వచ్చాడేమోనని తిరిగి చూసుకున్నాడు.

నేను అందుకు పూర్తిగా విరుద్ధం. నేను పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపుకి మంత్రసాని చెవులు మూసుకుందని మా అమ్మ చెప్పేది. మా ఇంట్లో మాట్లాడే పని నాది, వినే పని ఆయనది. రేషన్ షాపుకైనా, కరెంటాఫీసుకైనా, పిల్లల బడికైనా ముందు నేను నడవాలి, వెనక ఆయన సంచి పట్టుకుని రావాలి. "ఆ ఇంట్లో మగాడు ఆవిడేలే" అని గురజాల పక్కన మా ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. ఆ మాటకి నేను పొంగిపోయేదాన్నే గానీ, అది విన్నప్పుడు ఆయనకి ఎలా ఉంటుందో ఒక్కరోజైనా ఆలోచించిన పాపాన పోలేదు. నిజం చెప్పాలి కదా.

ఈ ఏడు రెండెకరాలు కౌలుకి తీసుకున్నాను. తీసుకున్నాం అనడం లేదు, నేనే తీసుకున్నాను. ఆయన వద్దన్నాడు. గట్టిగా అనలేదు, ఆయన ఏదీ గట్టిగా అనడు కదా. "ఎందుకులేవే, ఉన్న ఎకరం చాల్లే" అని అన్నం కలుపుకుంటూ గొణిగాడు. నేను వింటానా? మా అత్తగారు, తోడికోడళ్ళు, చివరికి పాలు పోసే ఆవిడ కూడా "దాని తలపొగరు చూడు" అనుకున్నారు. ఆ రెండెకరాలూ పండకపోతే ఊళ్ళో నేను తలెత్తుకు తిరగలేను. ఆ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టే అందరికంటే గట్టిగా అరుస్తూ తిరిగాను.

మిరప వేద్దామనుకున్నాం. కృష్ణ అవతల, తెలంగాణ వైపు ఒక నర్సరీలో నారు చెప్పి ఉంచాను. ఇప్పుడు నారంతా ప్లాస్టిక్ ట్రేల్లోనే పెంచుతున్నారు. తెచ్చిన రోజే నాటెయ్యాలి, ఎండకి పెడితే వడలిపోతుంది. రెండు రోజులు వాన పడి చేలో మంచి పదును వచ్చింది. సోమవారానికి నాట్ల ముఠాని మాట్లాడాను. మా వైపు నాట్లకి ఆడవాళ్ళు ముఠాగా కలిసి వస్తారు, వాళ్ళకి ఒక మేస్త్రి ఉంటుంది. ఆమె మాట ఇస్తే ఇచ్చినట్టే. కానీ మధ్యాహ్నం ఒంటిగంటలోపు నారు చేలోకి రాకపోతే ముఠా లేచిపోతుంది. మర్నాటి నుంచి వాళ్ళు వేరే చేలకి మాట ఇచ్చేసి ఉంటారు. మళ్ళీ మన వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది, నారు ముదిరిపోతుంది.

సరిగ్గా ఆ ముందు వారమే గట్టు తగాదా వచ్చింది. పక్క చేనతను ట్రాక్టరుతో దున్నుతూ మా కౌలు చేను గట్టు మూరెడు మేర చెక్కేశాడు. మూడు రోజులు పోట్లాడాను. అతను ట్రాక్టరు మీద, నేను గట్టు మీద. ట్రాక్టరు ఇంజను ఆపకుండా మాట్లాడతాడు దొంగ సచ్చినోడు, దాని మీద నుంచి వినబడేలా అరవాలంటే నాకెంత గొంతు కావాలి! మూడో రోజు సాయంత్రానికి గట్టు తిరిగి వచ్చింది, గొంతు పోయింది.

నరసరావుపేట డాక్టరు లైటు వేసి నా నోట్లోకి చూసి, "వారం రోజులు ఒక్క మాట మాట్లాడకూడదమ్మా. గుసగుసలు కూడా వద్దు" అన్నాడు. అప్పుడు మా ఆయన, ఎక్కడా నోరు విప్పని మనిషి, కుర్చీలో ముందుకి జరిగి, "వారం సరిపోద్దా డాక్టర్ గారూ? కావాలంటే పది రోజులు రాయండి" అన్నాడు. డాక్టరు నవ్వాడు. నేను ఆయన కాలు తొక్కాను.

కానీ పాపం, ఇంటికొచ్చిన దగ్గర నుంచి గంటకోసారి కషాయం కాచి ఇచ్చాడు. మిరియాలు, శొంఠి, ఇంకేమేం వేసేవాడో గానీ ఒక్క గుక్క తాగితే ముక్కులో నుంచి, కళ్ళలో నుంచి నీళ్ళు కారేవి.

సోమవారం తెల్లవారుజామున ట్రాలీ ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. "నువ్వు లేకుండా నేనెట్టా పోనే" అన్నాడు. మాట లేని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నా ధైర్యమేనట. నర్సరీలో ఏ ఇబ్బందీ రాలేదు, అక్కడి మనిషే అన్నీ మాట్లాడుకున్నాడు. కర్రలతో కట్టిన అరల్లో ట్రేలు పేర్చి, పైన పట్టా కప్పి, తొమ్మిదింటికల్లా తిరుగుముఖం పట్టాం. బ్రిడ్జి మీదికి రాగానే మా ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నిండుగా పారుతున్న కృష్ణమ్మకి అనుకున్నాను. కాదు, అవతల గట్టున కనిపిస్తున్న చెక్‌పోస్టుకి.

చెక్‌పోస్టులో ఆ వేళప్పుడు ఒకే ఒక కానిస్టేబుల్ ఉన్నాడు. పాతికేళ్ళుంటాయేమో, మీసం ఇంకా సరిగ్గా కుదురుకోలేదు. రేకుల షెడ్డు కింద బల్ల, కుర్చీ, రిజిస్టరు. ఆ చుట్టుపక్కల నీడంటే ఆ షెడ్డు ఒక్కటే. మా ఆటో డ్రైవరు బండి ఆపాడో లేదో, "టీ తాగొస్తా" అని మాయమయ్యాడు.

"పట్టా కింద ఏందయ్యా?" అన్నాడు కానిస్టేబుల్.

"నారు సార్. మిరప నారు సార్. నమస్కారం సార్."

"మొన్న ఇట్టనే టమాటాలని చెప్పి అడుగున మందు సీసాలు తెచ్చారు. అన్నీ దించండి. దించలేమంటే పక్కన పెట్టుకోండి. రెండింటికి మా సారొస్తారు, ఆయన చూసి పంపిస్తారు."

రెండింటికా! ఒంటిగంటకి ముఠా లేచిపోతుంది. పోనీ దించుదామంటే, ఇంత నారు మండే తారు మీద దించి మళ్ళీ ఎక్కించేసరికి సగం విరుగుతుంది, సగం ఉడుకుతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంక చేతులతో మొదలుపెట్టాను. బండి చూపించాను, ఎండ చూపించాను, కానిస్టేబుల్ని చూపించాను, చేతిలో లేని కర్ర ఎత్తి వాడి నెత్తిన ఒకటి వేసినట్టు చూపించాను.

"ఏమంటుంది ఆవిడ?" అన్నాడు కానిస్టేబుల్.

మా ఆయన గుటక మింగి, "మీరు ఎండలో డ్యూటీ చేస్తన్నారని చానా బాధపడతంది సార్" అన్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. మేస్త్రి. నేను ఆయన చేతిలో పెట్టాను. "అన్నా, ఏడున్నారు? ఒంటిగంట దాకా చూస్తాం, తర్వాత నన్నేమనొద్దు" అన్న ఆమె గొంతు నాకూ వినిపించింది. ఆయన "ఊ" అన్నాడు, మళ్ళీ "ఊ" అన్నాడు, పెట్టేశాడు. టైము పదిన్నర. అక్కడి నుంచి మా చేనుకి గంటన్నర దారి. నేను బండి పక్కన రోడ్డు మీద చతికిలబడ్డాను. ఏడుపొచ్చింది. అరవలేని ఏడుపు ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. ఎవరి మీదా అరవకుండా నేను ఏడవడం ఆయన అంతకుముందు చూసి ఉండడు.

నన్ను చూశాడు. పట్టా అంచు ఎత్తి లోపలికి చూశాడు. పై అరలో ఆకులు తలలు వాల్చాయి. ఆయన ఒక ట్రే తీసి రెండు చేతుల్లో పట్టుకుని తిన్నగా షెడ్డులోకి నడిచి కానిస్టేబుల్ బల్ల మీద పెట్టాడు. తిరిగొచ్చి ఇంకొకటి తీసుకెళ్ళి రిజిస్టరు మీద పెట్టాడు. మూడోది కుర్చీలో పెట్టాడు. కానిస్టేబుల్ అప్పుడే నీళ్ళ సీసా కోసం లేచాడు, వెనక్కి తిరిగేసరికి కూర్చోవడానికి చోటు లేదు.

"ఏంది, ఏం చేస్తన్నావ్ పెద్దాయనా?"

"దించమన్నారుగా సార్. దించుతున్నా. నీడ ఇక్కడే ఉంది."

నాలుగు, ఐదు, ఆరు. షెడ్డులో కాలు పెట్టడానికి సందు లేదు. నేను ఏడుపు మానేసి నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"బకెట్ ఉందా అబ్బాయ్?" అన్నాడు మా ఆయన. సార్ పోయి అబ్బాయ్ వచ్చింది. "దీనికి గంటకోసారి నీళ్ళు చల్లాలి. మీ సారొచ్చేదాకా నువ్వే చల్లాలి మరి. ఇంకోటి, కాయితం ఇస్తా, రాసివ్వు. పదిన్నరకి నారు పచ్చగా ఉంది, నువ్వు దించమన్నావు, నేను దించాను. కింద నీ సంతకం."

"నేనెందుకు రాస్తా?"

"రాయకపోతే రెండింటికి మీ సారొచ్చి, వాడిపోయిన నారు చూసి, ఎవడ్రా దించమందని అడుగుతాడు. అప్పుడేం చెప్తావ్?"

కానిస్టేబుల్ గుటక మింగాడు. చెయ్యి చొక్కా గుండీ మీదికి పోయింది. ఓరి దేవుడా! ఆ గుటక, ఆ గుండీ తడుముకోవడం నాకు తెలియనివా? ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను వాటితో. మా ఆయన కూడా గుర్తుపట్టాడు. గొంతు తగ్గించి దగ్గరికెళ్ళాడు.

"భయపడబాక అబ్బాయ్. నాకూ సార్లంటే భయమే. కడుపులో ఎట్టుంటదో నాకు తెలుసు. ఇట్టా రా, ఇద్దరం కలిసి చూద్దాం. ఒక్కో అరలో అడుగుదాకా చెయ్యి పెట్టి చూడు. సీసా కనపడితే నన్ను లోపలెయ్యి."

కానిస్టేబుల్ చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చాడు. ఒక్కో అరలో మోచేయిదాకా పెట్టి వెతికాడు. మొదటి అర, రెండో అర, మూడో అర. నాలుగో అరలో చెయ్యి ఆగిపోయింది. బయటికి తీశాడు. చేతిలో క్వార్టర్ సీసా, నిండా ఎర్రగా.

మా కషాయం! మా ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా అంతే, ఖాళీ క్వార్టర్ సీసా దొరికితే పారెయ్యరు, కొబ్బరినూనె నుంచి కషాయం దాకా అన్నీ అందులోనే. ఒలికిపోకుండా ట్రేల మధ్య నిలబెట్టాడు మహానుభావుడు. పాత మా ఆయనైతే అక్కడికక్కడే పడిపోయేవాడు. ఆయన మాత్రం నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"మా ఆవిడ గొంతుకి కాచిన కషాయం అది. నమ్మకపోతే తాగు."

కానిస్టేబుల్ మూత తీసి వాసన చూశాడు. అనుమానంగా నన్ను చూశాడు. ఒక గుక్క వేశాడు. తర్వాత రెండు నిమిషాలు ఆ పిల్లాడు దగ్గిన దగ్గుకి టీకొట్టు నుంచి మా డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు. కళ్ళూ ముక్కూ కలిసి కారిపోతున్నాయి. మా ఆయన వీపు నిమురుతూ, "పోనీలే, జలుబు చెయ్యదు నీకు ఈ ఏడంతా" అన్నాడు.

"ఇది రోజూ తాగతందా ఆవిడ?" అన్నాడు కానిస్టేబుల్ కళ్ళు తుడుచుకుంటూ. దానికి మా ఆయన పగలబడి నవ్వాడు, కానిస్టేబుల్ కూడా నవ్వాడు. తర్వాత ట్రేలన్నీ తనే మోసి ఎక్కించాడు. "పైనున్నయి వాడినయి బాబాయ్, నీళ్ళు చల్లుకుని పో" అని సీసాలో నీళ్ళు తనే చల్లాడు.

మా చేను దగ్గర రోడ్డు మలుపు తిరిగేసరికి ఒంటిగంట దాటింది. ముఠా వాళ్ళు క్యారేజీలు సర్దుకుని గట్టెక్కుతున్నారు. "ఆగండమ్మోయ్! వచ్చేశాం, ఆగండీ!" అని ఎవరో గట్టిగా కేకేశారు. నేను డ్రైవరు అనుకున్నాను. డ్రైవరు నా పక్కనే నోరు మూసుకుని ఉన్నాడు. మా ఆయన ట్రాలీలో నిలబడి, తలగుడ్డ ఊపుతూ అరుస్తున్నాడు. నా మొగుడి గొంతు అంత దూరం వినబడుతుందని నాకే తెలియదు. ముఠా వెనక్కి దిగింది. చీకటిపడేలోపు రెండెకరాలూ నాటేశారు. పై అరలో కాస్త పోయింది గానీ మిగతాదంతా బతికింది.

ఆ వారమంతా మా ఆయన నోటికి తాళం లేదు. మేస్త్రికి చెప్పాడు, రేషన్ డీలరుకి చెప్పాడు, గట్టు మీద నిలబడి ట్రాక్టరతనికి కూడా చెప్పాడు. చెప్పేకొద్దీ కానిస్టేబుళ్ళు పెరిగారు. గురువారానికి ముగ్గురయ్యారు.

ఆ గురువారం పొద్దున్నే వంటింట్లోకి కోడి వస్తే "ఉష్" అన్నాను. గొంతు వచ్చేసింది! గంటలాగా, మునుపటి కంటే ఖంగుమని. ఎవరూ వినలేదు. గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

సాయంత్రం ఆయన కషాయం గ్లాసు పట్టుకొచ్చి, "ఎట్టుందే గొంతు? ఏమన్నా వచ్చిందా?" అని అడిగాడు. లేదని తల అడ్డంగా ఊపాను. ఆ పాడు కషాయం గడగడా తాగేసి, పీట వాల్చి కూర్చోమని చూపించాను. ఆయన కూర్చుని, బ్రిడ్జి దాటిన దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.